కొలతలక్క మతిమరుపు

కత్తెర ఎక్కడ పెట్టావే అని మా అక్క నన్ను అడగడం ఆ పూటకి అది నాలుగోసారి. కత్తెర ఆమె కుడిచేతిలోనే ఉంది. మొదటి మూడుసార్లూ "నీ చేతిలోనే ఉంది" అని మర్యాదగానే చెప్పాను. నాలుగోసారి ఒళ్ళు మండి "అమ్మేశాను" అన్నాను. ఆమె నవ్వలేదు, కోప్పడనూ లేదు. కత్తెర పట్టుకున్న చేత్తోనే గుడ్డల కుప్ప ఎత్తి, దాని కింద వెతకడం మొదలుపెట్టింది.

మా అక్కని పాతికేళ్ళుగా ఎరిగినవాళ్ళెవరూ ఈ మాట నమ్మరు. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఆమెకున్న పేరే కొలతలక్క. దర్జీ దుకాణం పెట్టి ఇరవై ఆరేళ్ళయితే, అన్నేళ్ళలోనూ ఆ దుకాణంలో కొలతల పుస్తకం అన్నది లేదు. టేపుతో ఒక్కసారి కొలిచేది. మెడ, ఛాతీ, నడుము, చేతి పొడవు, ఎడమ భుజం కుడిదానికంటే ఎంత వాలింది, అన్నీ తలలో పడిపోయేవి. ఒక బ్యాంకు మేనేజరు బదిలీ మీద వెళ్ళి ఆరేళ్ళకి తిరిగొచ్చాడు. ఆయన దుకాణం మెట్టు ఎక్కాడో లేదో, "ముప్పైనాలుగు సరిపోదండి ఇప్పుడు, ముప్పైఆరున్నర పెడతాను" అంది. ఆయన పొట్ట లోపలికి లాక్కున్నాడు. వెనకాలే వచ్చిన ఆయన భార్య నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళి నిలబడింది.

ఇంత జ్ఞాపకశక్తి ఉన్న మనిషితో కలిసి పెరగడం అంత సుఖమేమీ కాదు. చిన్నప్పుడు నేను అద్దం పగలగొట్టి ఆ తప్పు పిల్లి మీదకి నెట్టిన సంగతి, ఏ రోజు, ఎన్ని గంటలకి, ఆ పిల్లి అప్పుడు ఎక్కడ నిద్రపోతోంది, అన్నీ నాకు యాభై దాటాక కూడా నలుగురిలో చెప్పేది. మా బావ నీటి సరఫరా పంపుహౌసులో ఆపరేటరు. నెమ్మదైన మనిషి. "మీ అక్కతో గొడవ పెట్టుకోవాలంటే ముందు సాక్షుల్ని కూడగట్టుకోవాలమ్మా" అనేవాడు.

ఆ దుకాణం రెండంతస్తుల పాత భవనంలో కింది గది. ముందు వరండా, దానికి పై అంతస్తు సన్‌షేడే నీడ, ఆ నీడలో ఇస్త్రీ బల్ల. ఆ బల్ల దగ్గర పద్దెనిమిదేళ్ళు పనిచేసిన ఆవిడని అక్క వదినా అని పిలిచేది కాబట్టి మా అందరికీ ఆవిడ ఇస్త్రీ వదిన అయ్యింది. అక్క లోపల మిషను మీద, వదిన బయట బల్ల దగ్గర, మధ్యలో ఎప్పుడూ తెరిచే ఉండే తలుపు. పొద్దున తొమ్మిదింటికి మొదలైన కబురు సాయంత్రం ఏడింటిదాకా తెగేది కాదు. ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా అన్నేళ్ళు అంత మాట్లాడుకున్నవాళ్ళని నేను వేరే ఎక్కడా చూడలేదు.

రెండున్నరేళ్ళ కిందట, ఒక మామూలు రోజు, పొద్దున పదకొండు దాటాక, పై అంతస్తు సన్‌షేడ్ విరిగి ఆ ఇస్త్రీ బల్ల మీద పడింది. వదిన అక్కడికక్కడే పోయింది. లోపల నాలుగడుగుల దూరంలో ఉన్న మా అక్కకి గీత కూడా పడలేదు. జనం పోగై సిమెంటు పెళ్ళలు తీస్తుంటే ఆమె కూడా వట్టి చేతులతో తీసిందట. రెండు వేళ్ళకి గోళ్ళు ఊడిపోయాయి.

పదకొండు రోజులు దుకాణం మూసింది. పన్నెండో రోజు తెరిచింది. ఏడవలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే "పని చాలా ఉంది" అనేది. ఆ సమయానికి నేను పనిచేసే పుస్తకాల బైండింగు షెడ్డు మూతపడి ఖాళీగా ఉన్నాను. "ఓ పదిరోజులు నాతో రా, కాజాలు కుడుదువుగాని" అంది. సరే పదిరోజులే కదా అని వెళ్ళాను. అంతే, ఇరుక్కుపోయాను.

మొదట్లో చిన్న చిన్నవి. బాబిన్‌లో దారం అయిపోయినా చూసుకోకుండా గజం పొడవు కుట్టు పడకుండానే మిషను తొక్కేది. వచ్చిన మనిషిని కొలిచి, అతను చొక్కా సర్దుకుంటుండగానే మళ్ళీ టేపు తీసుకుని కొలిచేది. ఒక పెద్దమనిషిని వరసగా మూడుసార్లు కొలిస్తే, ఆయన "అమ్మా, మొదటిసారికీ ఇప్పటికీ నేనేమైనా పెరిగానా" అని అడిగాడు. ఒక కోటుకి రెండూ ఎడమ చేతులే కత్తిరించింది. ఆ గుడ్డ మళ్ళీ దొరకదు. ఆ కోటాయనకి నేను ఏం చెప్పుకున్నానో నాకే తెలుసు.

ఇంట్లో పాలగిన్నెలు మాడిపోయాయి. ఒకటి, రెండు, మూడు. మూడోది మాడినప్పుడు బావ దాన్ని కడగడం మానేసి దాంట్లో మొక్క నాటాడు. ఆయనకి కోపం రాదు. ఆయనకి రాని కోపం కూడా కలిపి నాకే వచ్చేది.

నాకు మోకాలి ఆపరేషను. రోజు ఖాయమైంది. ఆసుపత్రిలో నా పక్కన అక్కే ఉంటానంది. నాలుగుసార్లు చెప్పాను, నాలుగుసార్లూ "ఎందుకే అన్నిసార్లు చెబుతావు" అని విసుక్కుంది. ఆ రోజు పొద్దున ఆసుపత్రి గౌను వేసుకుని మంచం మీద కూర్చుని ఎదురుచూశాను. రాలేదు. ఫోను చేశాను. వెనక మిషను చప్పుడు వినబడుతోంది.

"ఎక్కడున్నావక్కా?"

"దుకాణంలో. నువ్వేంటి ఇంకా రాలేదు?"

"నాకు ఆపరేషనక్కా."

"అయ్యో, ఎప్పుడు?"

ఆ ఒక్క మాటకి ఫోను పెట్టేశాను. ఇంటికొచ్చాక కూడా మాట్లాడకూడదని నిశ్చయించుకున్నాను. మూడు వారాలు మాట్లాడలేదు. ఆమె రోజూ ఫోను చేసింది, నేను ఎత్తలేదు. చివరికి కర్ర పట్టుకుని దుకాణానికి వెళ్తే, "రా, కాజాలు చాలా ఉన్నాయి" అని గుడ్డలు నా ఒళ్ళో పడేసింది. మేం మాట్లాడుకోవడం లేదన్న సంగతి ఆమెకి తెలియనే తెలియదు. అలాంటి మనిషి మీద అలిగి ఏం లాభం.

వీటన్నిటికంటే నాకు చిరాకు పుట్టించింది ఇంకొకటుంది. పని చేసుకుంటూ పాత సంగతులు మాట్లాడుకుందామని చూసేదాన్ని.

"నాన్న మనల్ని రైలు చూపించడానికి తీసుకెళ్ళాడు, నీ చెప్పు పట్టాల మీద పడిపోయింది, గుర్తుందా?"

"తీసుకెళ్ళేవాడు."

"తీసుకెళ్ళేవాడు కాదే, ఆ ఒక్క రోజు. స్టేషను మాస్టరు కర్రతో చెప్పు తీసిచ్చాడు. నువ్వే కదా ఆయన మీసాల్ని వెక్కిరించింది."

"ఆఁ. వెళ్ళేవాళ్ళం."

ఏది అడిగినా అంతే. వెళ్ళేవాళ్ళం, తినేవాళ్ళం, ఉండేవాళ్ళం. పిల్లి ఎక్కడ నిద్రపోయిందో కూడా చెప్పే మనిషికి ఒక్క రోజు కూడా రోజుగా మిగల్లేదు. అన్నీ కలిపి ముద్ద చేసేసినట్టు మాట్లాడేది. నాతో మాట్లాడటం ఇష్టంలేక అలా తుంచేస్తోందని అనుకున్నాను.

చివరికి బావే కదిలాడు. ఆయన పంపుహౌసులో ఎవరికో అరవై దాటకముందే మతి పోయిందట, ఆ భయం పట్టుకుంది. ముగ్గురం కలిసి నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. తలకి స్కానింగు తీశారు. తర్వాత డాక్టరు అక్కని కూర్చోబెట్టి ఈరోజు తారీఖేంటి, ఏ వారం, ఇది ఎన్నో అంతస్తు అని అడిగాడు. వందలోంచి ఏడేసి తీసేస్తూ రమ్మన్నాడు. చిన్నప్పటినుంచీ అంగుళాల్లో బతికిన మనిషి, గబగబా రెండుదాకా వచ్చేసింది. ఐదు మాటలు చెప్పి పది నిమిషాల తర్వాత అడిగితే ఐదూ చెప్పింది, ఆయన చెప్పిన వరసలోనే.

"మెదడు బ్రహ్మాండంగా ఉందమ్మా. వయసుతో వచ్చే మామూలు మరుపే. ఎక్కువ ఆలోచించకండి" అన్నాడు డాక్టరు.

బావ ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం తల తిరిగిపోయింది. మెదడు బాగుంటే నా ఆపరేషను ఏమైంది, కోటు చేతులు ఏమయ్యాయి? ఆసుపత్రి మెట్లు దిగుతూనే అడిగేశాను.

"అయితే కావాలనే మర్చిపోతున్నావా?"

అక్క మెట్టు మధ్యలో ఆగిపోయింది. "కావాలని ఎవరైనా మర్చిపోతారే? ఆ గదిలో తలుపు వేసుంది, చప్పుడు లేదు, ఆయన ఒక్కడే మాట్లాడుతున్నాడు. అందుకని గుర్తుంది. దుకాణంలో అలా ఉండదు."

"దుకాణంలో మాత్రం ఎవరు డప్పు కొడుతున్నారు?"

"నీకు చెప్పినా అర్థం కాదు" అని ముందుకి నడిచి వెళ్ళిపోయింది. మేం వచ్చిన బస్సు నంబరు మర్చిపోయి వేరే బస్సెక్కింది. బావా నేనూ వెనకాల పరిగెత్తాం. మోకాలి ఆపరేషను అయిన మనిషిని, బస్సు వెనక పరిగెత్తించింది.

ఆ తర్వాత వచ్చింది యూనిఫారాల గొడవ. దగ్గర్లోని ఆసుపత్రి నుంచి వార్డు పనివాళ్ళకి ఇరవైఆరు జతలు కుట్టమని అడిగారు. అక్క రెండు రోజులు వెళ్ళి అందర్నీ కొలిచొచ్చింది. నేను పక్కన కాగితం, పెన్సిలు పట్టుకుని "చెప్పు, రాసుకుంటాను" అన్నాను. "ఇన్నేళ్ళలో నేను రాయించుకున్నానా" అని కసిరింది. మూడో రోజు గుడ్డ పరిచి, సుద్ద పట్టుకుని, గంటసేపు అలా నిలబడింది. తర్వాత ఏమనుకుందో ఏమో, కత్తిరించడం మొదలుపెట్టింది. నేను పోనీలే గుర్తొచ్చినట్టుందనుకుని నా కాజాల్లో పడ్డాను.

ఇరవైఆరూ ఒకే కొలతకి కత్తిరించింది.

యూనిఫారాలు వెళ్ళిన మూడో రోజు ఆ ఆసుపత్రి పెద్ద నర్సమ్మ స్వయంగా దుకాణానికి వచ్చింది. నిలువెత్తు మనిషి, ఖంగుమనే గొంతు. సంచిలోంచి రెండు చొక్కాలు తీసి బల్ల మీద పరిచింది.

"ఇది వేసుకున్నమ్మాయి చెయ్యెత్తితే చంక చిరిగింది. ఇది వేసుకున్నమ్మాయి లోపల వెతికితే గాని కనబడటం లేదు. మీ గురించి ఎంతో గొప్పగా చెప్పారు నాకు. ఇదేనా మీ పని?"

అక్క తల వంచుకుని నిలబడింది. నేనేదో సర్దిచెప్పబోతుండగా, పక్క హార్డువేరు కొట్టు ముందు లారీ మీంచి రేకుల కట్ట జారి ధడేల్మని రోడ్డు మీద పడింది.

అక్క కేక వెయ్యలేదు. నేను చూసేసరికి కటింగు బల్ల కింద ఉంది. రెండు చేతులతో నా కాలు పట్టుకుంది, సరిగ్గా ఆపరేషనైన కాలే. ఎంతసేపని, ఒక నిమిషం ఉంటుందేమో. తర్వాత మెల్లగా బయటికి వచ్చి, బట్టలకంటిన దారప్పోగులు దులుపుకుని, మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. సూది కింద గుడ్డ లేదు. కాసేపటికి తలెత్తి నర్సమ్మని చూసింది.

"రండమ్మా, కూర్చోండి. ఎంతసేపైంది వచ్చి?"

నర్సమ్మ గొంతు మారిపోయింది. నన్ను వరండాలోకి పిలిచి అడిగింది. "ఇక్కడ ఏం జరిగింది?"

చెప్పాను. మేం నిలబడ్డ చోటే జరిగిందని కూడా చెప్పాను. ఆవిడ పైకి చూసింది. కొత్త సిమెంటు రంగు ఇంకా తేడాగా కనబడుతూనే ఉంది.

"ఎవరికైనా చూపించారా?"

"నరాల డాక్టరుకి చూపించామండి. మెదడు బాగుందన్నారు."

"సన్‌షేడ్ సంగతి ఆయనకి చెప్పారా?"

చెప్పలేదు. ముగ్గురం వెళ్ళాం, గంటసేపు కూర్చున్నాం, కోటు చేతుల దగ్గర్నుంచి పాలగిన్నెల దాకా అన్నీ వల్లించాం. ఇది మాత్రం ఒక్కరం కూడా చెప్పలేదు. మతిమరుపుకీ దానికీ ఏం సంబంధమని.

నర్సమ్మ ఆ చొక్కాలు మళ్ళీ సంచిలో పెట్టుకుంటూ, "గురువారం మా ఆసుపత్రికి తీసుకురండి. ఆవిడ రానంటే నేను తిట్టానని చెప్పండి, యూనిఫారాల పంచాయితీకి రమ్మన్నానని చెప్పండి, ఏదైనా చెప్పండి" అని వెళ్ళిపోయింది.

అక్కడ కౌన్సెలర్ అని ఒక అమ్మాయిని చూపించారు. మా వయసులో సగం కూడా ఉండదు. జలుబు చేసి ముక్కు ఎర్రగా ఉంది. అక్క నా చెవిలో, "ఈ పిల్లా నాకు చెప్పేది" అంది, ఆ పిల్లకి వినబడేంత గట్టిగా.

ఆ అమ్మాయి ఏమీ అనుకోలేదు. "మనిషిని కొలుస్తున్నప్పుడు మీరు ఏం వింటుంటారండీ?" అని అడిగింది.

అక్క ఒకసారి పైకి చూసింది. తర్వాత, "పైకప్పు" అంది.

"ఇంట్లో పాలు కాస్తున్నప్పుడు?"

"అప్పుడూ అంతే."

"రాత్రి నిద్ర?"

"పట్టినట్టే ఉంటుంది. పట్టదు."

"మీరు మర్చిపోవడం లేదండీ" అంది ఆ అమ్మాయి. "మర్చిపోవాలంటే ముందు లోపలికి వెళ్ళాలి కదా. టేపు మీద మీ కళ్ళున్నాయి గాని మీ ధ్యాసంతా కప్పు మీదే ఉంది. కొలత ఇక లోపలికి ఎలా వెళ్తుంది? దానికి తోడు నిద్ర లేదు, మనసు బాగా కుంగిపోయి ఉంది. ఇలాంటి దెబ్బ తగిలినవాళ్ళకి ఇది వస్తుంటుంది. మీరు పిచ్చివాళ్ళు కారు, బద్ధకస్తులు కారు."

బద్ధకస్తులు కారు అన్నప్పుడు ఆ పిల్ల నన్ను చూసినట్టు నాకనిపించింది. పాత సంగతులు అడిగితే అన్నీ కలిపి ముద్దగా చెబుతుందని నేను ఫిర్యాదు చేశాను. అది కూడా ఇందులో భాగమేనట. మనసు కుంగినప్పుడు ఒక్కొక్క రోజునీ విడదీసి చూడటం కష్టమవుతుందట. విన్నాను. అర్థమైంది. అర్థమైనంత మాత్రాన విసుగు పోతుందనుకోకండి. ఆ సాయంత్రం కూడా కత్తెర కోసం ఆమె రెండుసార్లు అడిగింది, నేను రెండోసారి పళ్ళు కొరికాను.

మానసిక డాక్టరు మాత్రలు రాశాడు, ఆ అమ్మాయి వారానికోసారి రమ్మంది. మాత్రలు వేసుకోవడం కూడా గుర్తుండాలి కదా. మరుపు తగ్గడానికి ఇచ్చిన మాత్రల్ని మర్చిపోతుంటే ఎవరితో మొరపెట్టుకోను? బావ ఆ పని నెత్తిన వేసుకున్నాడు. పంపుహౌసులో గంటగంటకీ రాసే అలవాటు కదా, వంటింటి తలుపు వెనక కాగితం అంటించి, "ఉదయం 8.10, మాత్ర ఒకటి, నీళ్ళు అర గ్లాసు, ఆపరేటరు సంతకం" అని రాసేవాడు. అక్క అది చూసి మండిపడింది. "నేనేమన్నా మోటారునా?" అని. ఆయన "మోటారు ఇంత అరవదు" అని మళ్ళీ సంతకం పెట్టాడు.

కొలతలు రాసుకోమని ఆ అమ్మాయి చెప్పింది. అక్క వినలేదు. నేను పుస్తకం కొని తెస్తే చెత్తబుట్టలో వేసింది. రెండోది తెచ్చాను, పొయ్యిలో వేస్తానంది. మూడో పుస్తకం తెచ్చి, నేనే మనుషుల్ని కొలిచి రాయడం మొదలుపెట్టాను. నా కొలతలు ఎప్పుడూ అంగుళం అటూ ఇటూ. నేను రాసిన భుజం చూసి ఆమెకి కడుపు మండిపోయింది. "ఇదేం భుజమే, ఎద్దు మూపురమా" అని టేపు లాక్కుని, తనే కొలిచి, తనే రాసింది. నా చేతకానితనం వల్ల జరిగిన ఒకే ఒక మంచి పని అది.

నాలుగు నెలలయ్యాక ఒక పొద్దున, ఎదురు కొట్లో గడియారాలు బాగుచేసే బాబాయి చొక్కా గుండీ ఊడిందని వచ్చాడు. నేను గుండీ కుడుతున్నాను. అక్క మిషను ఆపి, ఎవరూ అడగకుండానే అంది.

"నేనే ఆపాను వదినని."

నా సూది ఆగిపోయింది.

"పదకొండింటికి టీకి వెళ్తుంది కదా. చెప్పులేసుకుంది. నేనే, ఈ ఒక్క కాలరూ ఇస్త్రీ చేసి వెళ్ళు వదినా అన్నాను. ఆగింది. ఆపకపోతే వెళ్ళిపోయేది."

రెండేళ్ళుగా ఆమె లోపల పెట్టుకుని తిరిగిన మాట అది. నేను గుండీ వైపు చూస్తూ కూర్చున్నాను. బాబాయి మాత్రం నెమ్మదిగా, "కాదమ్మా" అన్నాడు. "ఆ రోజు ఆవిడ టీ తాగింది. నా దగ్గరే కూర్చుని తాగింది. తన కొడుకు వాచీ ఎప్పుడిస్తావని కూడా అడిగింది. తాగి వెళ్ళాక పడింది అది."

"మీకు గుర్తులేదు" అంది అక్క.

"నాకు గుర్తుంది. ఆ వాచీ ఇంకా నా దగ్గరే ఉంది."

"అది ముందు రోజై ఉంటుంది."

"కాదు."

"నేను చెబుతున్నాను కదా, కాలరు చేసి వెళ్ళమన్నాను. నీలం చారల కాలరు."

"నీలం చారల చొక్కాలు మీ దుకాణంలో ఎన్ని వచ్చుంటాయమ్మా" అన్నాడాయన. అన్నాక, అనకూడదనిపించిందేమో, కుట్టడం పూర్తికాని గుండీతోనే చొక్కా వేసుకుని వెళ్ళిపోయాడు. సూది దానికే వేలాడుతోంది. మర్నాడు సూది తిరిగిచ్చాడు.

అక్క ఆయనతో నెలరోజులు మాట్లాడలేదు. ఈసారి మాట్లాడకూడదన్న సంగతి బాగా గుర్తుపెట్టుకుంది. గురువారం నాడు ఆ కౌన్సెలర్ అమ్మాయిని నిలదీసింది. నేను పక్కనే ఉన్నాను.

"మీరు చెప్పండి, ఎవరిది నిజం?"

"నాకు తెలియదండీ. ఒక్క కాలరు చేసి వెళ్ళు అని ఆవిడతో ఇంతకుముందు ఎప్పుడైనా అన్నారా?"

"రోజూ అనేదాన్ని. పద్దెనిమిదేళ్ళు అన్నాను."

"అయితే ఆ రోజు అన్నారో లేదో చెప్పడం ఎవరికైనా కష్టమే. ఒకవేళ అన్నా, రోజూ అన్న మాటే అన్నారు. కప్పు పడుతుందని అనలేదు కదా."

అక్క కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "బాగుంది నా సంగతి. గుర్తుండాల్సినవేమో ఉండవు. గుర్తున్నది ఒకటే ఒకటి, అది కూడా సరైనదో కాదో తెలియదంటారు. మరి నేనిక్కడికి దేనికి వస్తున్నట్టు?" తలుపు విసురుగా తీసుకుని బయటికి నడిచింది. వెంటనే మళ్ళీ తలుపు తీసి, "వచ్చే గురువారం ఎన్నింటికి?" అని అడిగి, గోడ మీదున్న కాగితం ముక్క చింపి రాసుకుంది. అది ఆసుపత్రి వాళ్ళ నోటీసు.

ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ఇంట్లో, పట్టపగలు, ఉల్లిపాయలు తరుగుతూ. బావ ఉల్లిపాయల వల్ల అనుకుని కత్తిపీట తీసుకోబోతే, "ఉండండి, ఏడవనివ్వండి" అందట. గంటన్నర ఏడ్చింది. ఆయన పక్కన కూర్చుని మొత్తం ఉల్లిపాయలన్నీ తరిగేశాడు. వారం రోజులు ఆ ఇంట్లో ఉల్లిపాయ కూరే తిన్నారు.

మెల్లమెల్లగా నిద్ర పట్టసాగింది. పాలగిన్నెలు మాడటం తగ్గింది. ఒక రోజు కాజాలు కుడుతుంటే, నేను ఏమీ అడగకుండానే, "ఒకసారి వదిన ఒక లాయరు ప్యాంటు వెనక వైపు కాల్చేసింది తెలుసా" అని మొదలుపెట్టింది. ఆ రోజు కరెంటు పోయి వచ్చిందట. లాయరు మెట్టెక్కేసరికి వదిన ఆ ప్యాంటు మీద కూర్చుండిపోయి, అరగంటసేపు లేవకుండా ఆయనకి కాళ్ళ నొప్పుల గురించి చెప్పిందట. ఆయన జాలిపడి తన డాక్టరు పేరు రాసిచ్చి వెళ్ళిపోయాడట. ఆ కాగితం రంగు కూడా చెప్పింది. నేను నవ్వలేక పొట్ట పట్టుకున్నాను. ఆమె నవ్వుతూనే ఉంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, ఏది ఏదో నాకు తెలియలేదు.

పూర్తిగా తగ్గిందని చెప్పను. లారీ చప్పుడైతే ఇప్పటికీ కప్పు వైపు చూస్తుంది, ఆ క్షణంలో చెప్పిన మాట గాలికి పోతుంది. కాలరు సంగతి తేలలేదు. తేలదు కూడా. బాబాయి నిజం చెప్పాడా, ఆమె బాధ చూడలేక కట్టుకథ అల్లాడా అని నేను ఆయన్ని విడిగా అడిగాను. "నాకు అలాగే గుర్తుందమ్మా" అన్నాడు. అంతకంటే ఏం చెబుతాడు.

మొన్న చలికాలంలో ఆ పెద్ద నర్సమ్మ మళ్ళీ వచ్చింది. ఆసుపత్రిలో దుప్పట్లూ గౌన్లూ కుట్టే గది ఒకటుందట, దాన్ని చూసుకునే మనిషి కావాలట. మూడో అంతస్తు, పైన ఏమీ లేదు, ఆకాశమే. అక్క ఆ గదిని వెళ్ళి చూసింది, కిటికీలు తట్టింది, మిద్దె మీదకెక్కి పగుళ్ళున్నాయేమో చూసొచ్చింది. నర్సమ్మ మళ్ళీ దుకాణానికి వచ్చినప్పుడు నా ముందే వస్తానని చెప్పింది. అంతకుముందు నాతో ఒక్క మాట కూడా అనలేదు.

"మరి దుకాణం?" అన్నాను.

"నువ్వున్నావుగా."

"నేను పదిరోజులకని వచ్చానక్కా."

"ఎవరన్నారు?"

మర్చిపోయి అందో, తెలిసే అందో ఈనాటికీ నాకు అర్థం కాలేదు. ఆ మొహంలో ఏమీ కనబడలేదు. నర్సమ్మ గోడవైపు తిరిగి దగ్గింది.

ఇప్పుడు దుకాణం నేను నడుపుతున్నాను. వచ్చిన ప్రతివాడూ కొలతలక్క ఎక్కడ అంటాడు. నేను కొలుస్తుంటే నమ్మకం లేనట్టు ఊపిరి బిగబట్టుకుని నిలబడతాడు, దాంతో ఛాతీ కొలత తప్పుతుంది, ఆ తప్పు నాదంటాడు. అక్క ఆ గదిలో చేరిన వారంలోపే అక్కడి నాలుగు మిషన్లలో ఒక్కదానికీ నూనె పెట్టలేదని స్టోరు గుమాస్తాతో పోట్లాడింది. దుప్పట్ల అంచులు వంకరగా ఉన్నాయని ఇద్దరు ఆడవాళ్ళని ఏడిపించింది. మొన్న దారి తప్పి ఆపరేషను థియేటర్లోకి వెళ్ళబోతే ఎవరో ఆపారట. ఆపినవాడి గౌను భుజం కుట్టు బాగాలేదని చెప్పి మరీ వచ్చింది. ఈరోజు మధ్యాహ్నం నాకు ఫోను చేసి, తన టిఫిను డబ్బా నా దగ్గర మర్చిపోయిందేమో చూడమంది. నేను ఆమెని చూసి నాలుగు రోజులైంది. లేదని చెప్పాను. "సరిగ్గా చూశావా" అంది. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, లేచి, బల్ల కింద వంగి చూశాను.